కోళ్లల్ల మన కోడి

పొద్దుగూకేసరికి లక్సెట్టిపేట దగ్గరి మా అమ్మమ్మ వాకిట్లో నాలుగిళ్ల కోళ్లు కలిసి తిరిగేవి. నా కంటికి ఎర్ర పెట్టలన్నీ ఒకటే. అమ్మమ్మ గంప పట్టుకుని అరుగు మీద నిలబడి ఒక్క చూపు చూసేది. "అది పక్కింటోళ్లది. మనది గా చింతచెట్టు కింద ఉన్నది, పట్టుకరాపో" అనేది. ఎట్ల గుర్తుపడ్తవ్ అమ్మమ్మా అంటే, "గుర్తువట్టుడేంది బిడ్డా, నీకు కనవడ్తలేదా?" అని నన్నే అడిగేది. ఆమెకు అక్షరం ముక్క రాదు. ఎక్కడైనా వేలిముద్రే.

ఆ వాకిలి మళ్లీ గుర్తొచ్చింది ఒక పరిశోధన చదివినప్పుడు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు రమేశ్ కుమార్ మిశ్రా. మన చూపు దేని మీద నిలుస్తుంది, దేన్ని దాటిపోతుంది అన్నదే ఆయన పని. ఏళ్ల తరబడి కనుపాపల కదలికల్ని కెమెరాలతో కొలుస్తున్నారు. ఆయనా, నెదర్లాండ్స్‌లో అప్పట్లో పనిచేస్తున్న క్రిస్టియన్ ఒలివర్స్, ఫాల్క్ హ్యూటిగ్, మరొకరూ కలిసి 2014లో ఒక వ్యాసం ప్రచురించారు. బాగా చదువుకున్నవాళ్లనూ, చదువు అంతగా రానివాళ్లనూ తెర ముందు కూర్చోబెట్టి, బొమ్మల్లో ఫలానాదాన్ని వెతకమన్నారు. అక్షరం అన్నది ఎక్కడా లేదు. బొమ్మలేమిటంటారా? కోళ్లు. రకరకాల కోళ్లు!

చదువు అంతగా రానివాళ్లు ఆలస్యంగా జవాబిచ్చారు. సంగతి ఇంతటితో ఆగితే అమ్మమ్మ తరఫున నేను పోట్లాటకు పోయేవాణ్నే. కానీ ఆలస్యం ఎక్కువగా వెతుకులాటలో జరగలేదు. కన్ను ఆ కోడి మీద వాలింది. వాలాక 'ఇదే' అని జవాబు నొక్కడానికి పట్టింది సమయం. చదువరుల చూపు మాత్రం పైకీ ఎడమకూ మొగ్గింది. అంటే కోడిని వెతికేటప్పుడు కూడా వాచకం తెరిచినట్టే! నడిమధ్యన, అందులోనూ కాస్త కుడిపక్కన ఉన్న కోడిని వాళ్లు బాగా పట్టారు. చదివే కన్ను తర్వాతి మాట కోసం ముందే అటు చాచి ఉంటుంది మరి.

చెయ్యి చాచి మీ బొటనవేలి గోరు చూడండి. ఒక్కసారికి మనకు తేటగా కనిపించేది ఇంచుమించు అంత మేరే. కరీంనగర్‌లో వెండి తీగ పనివాళ్లు ఆ గోరంత జాగాలోనే బతుకుతారు. సన్నని తీగలు రెండు మెలిపెట్టి, అదిమి, మందపాటి తీగ చట్రంలో పూరేకుల్లా పేరుస్తారు. పక్కన నిలబడి పిలిచినా తలెత్తరు. మిగతా లోకమంతా మసకే. కన్ను సెకనుకు మూడుసార్లు అటూ ఇటూ దూకుతూ ఉంటే, ఆ ముక్కల్ని అతుకు తెలియకుండా కూర్చుకునేది మెదడు. ఆ గోరు చుట్టూ చదువు ఇంకాస్త మేర కలుపుతుందని మిశ్రా బృందం తేల్చింది.

ఆ కలిపిన మేరే నన్నొకసారి ముంచింది. కరీంనగర్‌లో ఒక పత్రికలో ప్రూఫులు దిద్దే రోజులు. మొదటి పేజీ శీర్షికలో, అరచేతంత అక్షరాల్లో మా ఊరి పేరు 'కరీనంగర్' అయి కూర్చుంది. నేను చూశాను, సబ్ ఎడిటర్ చూశాడు, ఇద్దరం సంతకాలు పెట్టాం. మెషిన్ దగ్గర ప్లేటు బిగించే ఆయన కూడబలుక్కుని చదివే మనిషి. "సార్, క... రీ... నం..." అంటూ అక్కడ ఆగిపోయాడు. నాకు చదవడం బాగా వచ్చు కాబట్టి, నేను ఆ మాట చదవనేలేదు.

మిశ్రా బృందాన్ని తప్పుపట్టను. కోళ్లను ఎంచుకున్నారంటేనే నాకు గౌరవం. కాకపోతే బొమ్మలోని కోడి నడవదు, గింజకు ఎగబడదు, చీకటి పడుతుంటే గూటివైపు చూడదు. తెరా మీటా కాగితం అలవాటున్నవాడి వాకిలి.

ఒకనాడు కోళ్లన్నీ గంప కింద చేరాక అమ్మమ్మ ఇంకా అరుగు దిగలేదు. "ఇంకోటి రావాలె" అన్నది.

"మనయి మొత్తం ఎన్ని అమ్మమ్మా?"

"ఏమో బిడ్డా, నేనెన్నడు లెక్కవెట్టలే. గా మెడ బోసిపోయిన పెట్ట రాలె" అని దొడ్డి వెనక్కి నడిచింది.