గోధుమరంగు గీతల్లో ఇంద్రావతి

సర్వే ఆఫ్ ఇండియా పాత లెక్కలో ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో ఉన్న వైశాలి నగర్ 64 జి/8 టోపోషీట్‌లో ఉంటుంది. సముద్రమట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తున, దాదాపు చదునైన నేల. 1:50,000 పటంలో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గోధుమరంగు సమోన్నత రేఖలు 20 మీటర్లకు ఒకటి చొప్పున గీస్తారు కాబట్టి ఇక్కడ చదవడానికి పెద్దగా ఏమీ దొరకదు. ఈ వీధుల్లో కురిసిన వాన శివనాథ్‌లో కలిసి మహానదికి పోతుంది.

ఈ గీతల పనితనం తెలియాలంటే దక్షిణపు షీట్లు ఒక్కొక్కటే కింద పేర్చుకుంటూ పోవాలి. కాంకేర్ దాటాక, కేశ్‌కాల్ దగ్గర గోధుమరంగు గీతలు ఒక్కసారిగా ఒత్తుకుంటాయి. జగదల్‌పూర్ బస్సు మలుపులు తిరుగుతూ ఎక్కే ఘాట్ అదే. పైకెక్కాక గీతలు మళ్లీ ఎడమవుతాయి, బస్తర్ పీఠభూమి మొదలవుతుంది. కింద కాంకేర్ వైపు నీళ్లు మహానదివి, పైన కొండగావ్ వైపు నీళ్లు ఇంద్రావతి మీదుగా గోదావరివి.

ఒక్కో రేఖ వాగును దాటేచోట ‘వి’ ఆకారంలో వంగుతుంది. దాని మొన ఎప్పుడూ ఎగువకే చూస్తుంది. మొన సన్నగా, లోతుగా ఉంటే వాగు ఇంకా నేలను కోస్తోందని అర్థం. ప్లేన్ టేబుల్ భుజాన మోసుకుంటూ కొండలెక్కిన సర్వేయర్లు ఇలాంటి చిన్న వంపులను అందం కోసం నునుపు చేయలేదు. నది పుట్టుపూర్వోత్తరాల సాక్ష్యం చాలావరకు ఆ వంపుల్లోనే ఉంది.

ఇంద్రావతి మీదున్న చిత్రకోట్ చూడండి. జలపాతం ఎత్తు సుమారు 29 మీటర్లు. 20 మీటర్ల అంతరంలో అది ఒక రేఖను తప్పకుండా దాటుతుంది, మహా అయితే రెండు. ఎగువన దూరదూరంగా నదిని దాటుతూ వచ్చిన రేఖలు ఇక్కడ అంచుకు అతుక్కుపోతాయి. ఆ అంచు గుర్రపు నాడాలా లోపలికి వంగి ఉండడం మరో విషయం చెబుతుంది. గట్టి ఇసుకరాతి అంచును నీరు కొరుక్కుంటూ జలపాతాన్ని కొద్దికొద్దిగా ఎగువకు జరుపుతోంది.

ఇంతకన్నా సూక్ష్మమైన పాఠం ఒడిశా సరిహద్దులో ఉంది. అక్కడ జౌరా నాలా ద్వారా ఇంద్రావతి నీరు పక్కనున్న శబరిలోకి జారిపోతుంది. ఆ నీటి వాటా మీద రెండు రాష్ట్రాలకు పేచీ, పంపకానికి కట్టడం కూడా కట్టారు. ఒక నది మరో నది నీటిని లాక్కోవడాన్ని భూగోళ శాస్త్రంలో నదీ చౌర్యం అంటారు. దాని ఆనవాళ్లు పటంలో వెతకడానికి పద్ధతి ఉంది. రెండు నదుల మధ్య గట్టు ఎక్కడ పల్చబడిందో, ఏ వైపు వాలులో గీతలు దగ్గరగా ఉన్నాయో చూడాలి. వాలు నిటారుగా ఉన్న వైపు వాగు వెనక్కి కోసుకుంటూ వస్తుంది. ఏదో ఒకనాటికి గట్టు తెగుతుంది, నది మోచేతిలా మలుపు తిరుగుతుంది. ఇంద్రావతిలోనే సాగిన నీరు భద్రకాళి దగ్గర గోదావరిని చేరితే, జౌరా దారి పట్టిన నీరు శబరితో కలిసి కూనవరం దగ్గర చేరుతుంది.

కూనవరం దిగువన పాపికొండలు. అడ్డంగా నిలిచిన కొండల వరుసను గోదావరి నడిమధ్యన చీల్చుకుని పోతుంది. చుట్టూ తిరిగి పోకుండా కొండనెందుకు కోసింది? కొండలు లేవకముందే నది అక్కడ పారుతూ ఉండి, అవి లేచేకొద్దీ కోసుకుపోయి ఉండవచ్చు. లేదా పైన పరుచుకున్న పాత పొరల మీద పారుతూ, అవి అరిగిపోయాక కింది కొండలోకి దిగి ఉండవచ్చు. రెండు దారులూ ఒకేలాంటి లోయను మిగులుస్తాయి. లోయ రూపాన్ని టోపోషీట్ చక్కగా చూపుతుంది గాని, ఆ రాయి ఏమిటో, దాని వయసెంతో చెప్పదు. అందుకే పటం చదవడం వచ్చినవాళ్లు ఇక్కడ తీర్పు చెప్పేయకుండా, జియలాజికల్ సర్వే వాళ్ల శిలా పటాన్ని దీని పక్కన పరుస్తారు.