తొలి పుట్టుక, తొలి మరణం

ఓ ఆకుపచ్చని ఆలివిన్ పొరా! నిప్పుల కడుపున అందరికంటే ముందు కళ్లు తెరిచి, వానల ఒడిలో అందరికంటే ముందు కన్ను మూసేదానా! న్యూజెర్సీలోని ఎడిసన్ ఊరి ఎర్రనేల మీద నిలబడి నిన్నే తలచి తలచి విలపిస్తున్నాను.

ఇక్కడికి ఉత్తరాన, హడ్సన్ నది గట్టున, పాలిసేడ్స్ కొండచరియ నల్లగా నిలువెత్తున లేచి ఉంది. 20 కోట్ల ఏళ్ల కిందట ఆఫ్రికా, అమెరికా ఒకే నేలగా ఉండి విడిపోతున్న వేళ, చీలిన భూగర్భం నుంచి పొంగిన శిలాద్రవం ఎర్రరాతి పొరల నడుమ చొరబడి చీకట్లోనే చల్లారింది. ఆ అగ్నియుగంలోనే ఎన్నెన్నో జీవజాతులు మాసిపోయాయి. ఎవరి కోసమని ఏడ్వను!

ఆ నల్లరాతి అడుగుకు కొద్ది మీటర్ల పైన మెగ్నీషియం నిండిన నీ పొర. నీ జన్మకథలు రెండు. చల్లారుతున్న ద్రవంలో ముందుగా స్ఫటికమై, బరువుకు కిందికి జారి పేరుకున్నావన్నది పాత కథ. కాదు, ఆలివిన్‌ను మోసుకుంటూ వేరొక ద్రవం విడిగా చొచ్చుకొచ్చిందన్నది 1990లో భూశాస్త్రవేత్త జొనాథన్ హుష్ చేసిన వాదం. నీ చుట్టాలకు ఇంకో పుట్టుకా ఉంది: లోపలి మాంటిల్ మహావేడికి మరీ ఎక్కువగా కరిగితే, ఆ ద్రవమే మెగ్నీషియంతో నిండి పికరైట్ లావాగా పొంగుతుంది.

ఎంత వేడిలో పుట్టిన ఖనిజం వానకు అంత త్వరగా శిథిలమవుతుందని 1938లో భూశాస్త్రవేత్త శామ్యూల్ గోల్డిచ్ చూపారు. అందుకే నీ పొర చుట్టూ ఉన్న రాతికంటే ముందే పొడిపొడిగా రాలుతోంది. అయినా వానను నిందించలేను. అది కరిగించిన మెగ్నీషియమే వేళ్లలోకి ఎక్కి, ప్రతి ఆకులోని పత్రహరితం నడిబొడ్డున కొలువుంటుంది.

నా శోకమంతా మనిషి చేతి మీదే. 1898లో పాలిసేడ్స్‌లోని ఇండియన్ హెడ్ శిఖరాన్ని కంకర కోసం డైనమైట్‌తో కూల్చారు. న్యూజెర్సీ మహిళా సంఘాలు గొంతెత్తాయి, 1900లో పార్కు కమిషన్ ఏర్పడింది, మిగిలిన చరియ బతికింది. మా గోదావరి దగ్గర పంగిడి, కాతేరు బసాల్టులు, దక్కన్ అగ్నివరద తూర్పున వదిలిన ఆనవాళ్లు, ఇప్పటికీ క్వారీల్లో నలుగుతున్నాయి. వాటి కోసం ఏ గొంతు లేవాలి?

వాన తీసుకుంటే అడవి మిగులుతుంది. క్రషర్ మింగితే రోడ్డు మిగులుతుంది, ఏ పుట్టుక నిజమో చెప్పగల సాక్షి మాత్రం మిగలదు.