నాయనమ్మ డబ్బాలు, కంపెనీ జెల్లు

"హెర్బలండీ, చంటిపిల్లలున్నా ఏం కాదు." ఈ వారం పక్క ఫ్లాట్‌లో బొద్దింకల మందు కొట్టడానికొచ్చిన అబ్బాయి మాట ఇది. చేతిలో మంచినీళ్ల సీసా, అందులో తెల్లటి మందు, పైన లేబుల్ లేదు. ఆ ఇంట్లో పాకే పిల్ల ఉంది. మందు పేరేమిటయ్యా అంటే "కంపెనీది" అన్నాడు!

ఇంట్లో మందు కొట్టడమంటే నాకు గిట్టదని ఈ కాలమ్ చదివేవారికి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ మాటొస్తే మా నాయనమ్మ కూడా రాక తప్పదు. చాటలో కందిపప్పు పోసుకుని, అరచేతులకు ఆముదం రాసుకుని, పప్పంతా మెరిసేదాకా పట్టించేది. బియ్యంలో వేపాకు. బెల్లం డబ్బా నీళ్లు పోసిన పళ్లెం మధ్యలో కూర్చునేది, చీమలు ఒడ్డునే చక్కర్లు కొట్టేవి. రాత్రి పొయ్యిగట్టు తుడవందే ఆవిడకు నిద్ర పట్టేది కాదు. ఎంగిలి గిన్నె తెల్లారేదాకా ఉంచితే బొద్దింకలకు పెళ్లి భోజనం పెట్టినట్టే అనేది.

అంత జాగ్రత్త మనిషీ పసిపిల్లల బట్టల పెట్టెలో కలరా ఉండలు వేసేది. జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్న పసికందుకు ఆ బట్టలకు పట్టిన నాఫ్తలీన్ చాలు, ఎర్ర రక్తకణాలు చితికిపోయి కామెర్లు రావడానికి. కర్పూరం బిళ్ల పిల్లాడి నోట్లోకి వెళితే ఫిట్స్ రావచ్చు. పాత పద్ధతనో, పూజ సామానేననో ఊరుకుంటే ఎలా?

అందుకే ఈసారి బొద్దింకల విషయంలో నా ఓటు కంపెనీ ఎర జెల్లుకే. కప్‌బోర్డు తలుపు బందుల సందుల్లో, పిల్లల చెయ్యి దూరని చోట ఆవగింజంత చుక్క పెడితే సరి. స్ప్రే అయితే పిల్ల పాకే నేల మీదే పడుతుంది, ఆ నేల మీది చెయ్యే నోట్లోకి వెళుతుంది. అన్నట్టు, జెల్లు పెట్టిన చోట స్ప్రే కొట్టించకండి, ఆ వాసనకు బొద్దింకలు ఎర ముట్టవు.

డబ్బా మీద వజ్రాకారపు గుర్తు చూడండి. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ కూడా విషమే, కాస్త తక్కువ. హెర్బల్ అనే రంగు అందులో లేదు. ఏ మందునూ, కిరసనాయిల్నీ నీళ్ల సీసాలో పోయకండి.

పొరపాటున పిల్లలు మింగితే ఉప్పునీళ్లు పట్టి కక్కించొద్దు. సీసాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117, రాత్రీ పగలూ పలుకుతుంది. ఇప్పుడే ఫోన్లో వేసుకోండి.