క్వార్టర్ వెనక కోడి ఏ జాతి?

పెరటికోడి జాతిని రంగుతో పోల్చుకోవాలని చూస్తే మొదటి అడుగే తప్పుతుంది. గోదావరిఖని సింగరేణి క్వార్టర్ల వెనక, రామగుండం చుట్టుపట్ల పల్లెల్లో ఎర్రవి, నల్లవి, తెల్లవి, చుక్కలవి, గీతలవి అన్నీ కలిసే మేస్తాయి. ఒక పెట్ట కింద లేచిన పిల్లలే నాలుగు రంగుల్లో ఉంటాయి. బజారులో వీటన్నిటికీ నాటుకోడి అన్న ఒక్క పేరే. ఆ పేరు ధరను చెప్తుంది, పెంపకాన్ని చెప్తుంది, జాతిని చెప్పదు.

ఈ కలగలుపుకు కారణం ఉంది. సింగరేణి బొగ్గుబావుల్లో పనికి పాత కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ జిల్లాల నుంచే కాదు, పక్క రాష్ట్రాల నుంచీ మనుషులు వచ్చారు. ఎక్కడెక్కడి కోళ్లో సంతల మీదుగా, సమ్మక్క–సారలమ్మ మొక్కుల కోసం, చుట్టాల చేతుల మీదుగా ఇక్కడికి చేరుతూనే ఉంటాయి. లైను క్వార్టర్లలో పుంజుకు హద్దు గోడ లెక్కకాదు. అంతకంటే పాత కలయిక ఒకటుంది. కోళ్లకు మూలం ఎర్ర అడవికోడి. అయితే పసుపు చర్మానికి కారణమైన జన్యువు దక్షిణ భారతపు బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో జన్యు పరిశోధకులు తేల్చారు. ఈ రెండు అడవికోళ్ల ఆవాసాలకు గోదావరి ప్రాంతం స్థూలంగా సరిహద్దు. పసుపుపచ్చ కాళ్లున్న ప్రతి పెరటికోడిలోనూ ఆ రెండో అడవికోడి వాటా ఉందన్నమాట.

చూడాల్సిన మొదటి చోటు తల. తురాయి నిటారుగా, రంపం పళ్లతో ఒకే పలకగా ఉంటే అది మామూలు రకం. పొట్టిగా, తలకు అతుక్కుని, మూడు వరసల గింజల్లా ఉంటే అసీల్ అనే జాతి రక్తం ఉన్నట్టు అనుమానించవచ్చు. నిఖార్సయిన అసీల్‌కు ముక్కు పొట్టి, లావు. గడ్డం కింద వేలాడే ఎర్రతోలు దాదాపు ఉండదు. మెడ పొడవు, నిలువు నిటారు. ఈకలు బిగుతుగా ఒంటికి కరుచుకుని, రొమ్ము ఎముక దగ్గర తోలు బయటికి కనబడేంత పలచగా ఉంటాయి. రంగు మాత్రం ఏదైనా కావచ్చు. బంగారు ఎరుపుది పీలా, నలుపు ఎరుపుది యాకూబ్, తెల్లది నూరీ, నల్లది కాగర్: ఇన్ని రంగులూ ఒకే జాతివి. కోస్తా పందెగాళ్లు డేగ, కాకి, నెమలి, పింగళ అని పిలిచేవీ ఈకల రంగులే. ఆ పేర్లు పందెం ముహూర్తానికి పనికొస్తాయేమో గానీ జాతి లెక్కకు పనికిరావు.

గింజల తురాయి ఒక్కటే చూసి అసీల్ అని అమ్మేవాళ్లతో జాగ్రత్త అవసరం. ఆ లక్షణం ప్రబలమైనది. నాటుపెట్టకు పుట్టిన సగం అసీల్ పిల్లకు కూడా వస్తుంది. నిలువు, ముక్కు, ఈకల బిగువు మూడూ తోడైతేనే మాట నిలుస్తుంది.

మోసం ఎక్కువగా జరిగేది కడక్‌నాథ్ దగ్గర. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు ఈ జాతి మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరు మీద నల్ల ఈకల కోళ్లన్నీ ధర పలకసాగాయి. ఈకల నలుపు ఇక్కడ సాక్ష్యం కాదు. నలుపు కోసం నోరు తెరిచి నాలుక చూడాలి, ఈకలు ఒత్తిగించి చర్మం చూడాలి, తురాయి, కాళ్లు చూడాలి. గుడ్డు మాత్రం నల్లగా ఉండదు, లేత గోధుమరంగులోనే ఉంటుంది. పరీక్షకు నిలిచినట్టు కనిపించే సంకరాలూ ఉన్నాయి. చర్మంలో నలుపును అణిచే జన్యువు ఒకటి లింగ క్రోమోజోము మీద ఉంటుంది. అందువల్ల కడక్‌నాథ్ పుంజు పసుపుకాళ్ల నాటుపెట్టతో జతకడితే పెట్టపిల్లలు నల్లచర్మంతో, పుంజుపిల్లలు లేతచర్మంతో వస్తాయి. ఇలాంటి నల్లచర్మపు సిల్కీ కోళ్లలో ఈ తేడాను జన్యుశాస్త్రవేత్తలు బేట్సన్, పన్నెట్ 1911లోనే వివరించారు. ఒక్క నల్లపెట్టను కాదు, దాని తోడబుట్టిన పుంజులను కూడా చూపించమని అడగడం కొనేవాడి హక్కు.

బొగ్గు బెల్టులో ఇంకో చిక్కుంది. కోళ్లు బూడిదలో, బొగ్గు దుమ్ములో పొర్లాడతాయి. తెల్లకోడి మాసి బూడిదరంగుకు తిరుగుతుంది, పచ్చకాళ్లు నల్లబడతాయి. తడిగుడ్డతో కాళ్లు తుడవకుండా రంగు రాసుకోకూడదు.

మెడ మీద ఈకల్లేని కోడిని చూసి రోగమనుకునేవాళ్లున్నారు. అది ఒకే జన్యువు పని. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తే మెడ ముందు కింది భాగంలో చిన్న ఈకల కుచ్చు మిగులుతుంది. ఇద్దరి నుంచీ వస్తే మెడ దాదాపు బోసే. ఒంటి వేడి తొందరగా పోతుంది కాబట్టి 45 డిగ్రీలు దాటే రామగుండం ఎండలకు ఆ లోపం నిజానికి లాభం. దాన్ని చూసి జాతి పేరు పెట్టలేం, ఏ జాతిలోనైనా కలవగలదు.

చివరి గుంపు, చూపుకు నాటుకోడిలా ఉండే మెరుగుపరచిన రకాలు. వనరాజా, గ్రామప్రియ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థవి, రాజశ్రీ అక్కడి పశువైద్య విశ్వవిద్యాలయంది. వీటిని ఒంటి తీరుకన్నా నడవడి బాగా పట్టిస్తుంది: నాటుపెట్ట కొన్ని గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది, ఇవి అరుదుగా కూర్చుంటాయి. పిల్లలను ఎక్కడ కొన్నారో అడగడం ఇంకా నమ్మకమైన దారి. వనరాజా సంకరరకం కనుక దాని గుడ్లను నాటుపెట్ట కింద పెట్టి లేపిన పిల్లలు వనరాజా అనిపించుకోవు.

2019 పశుగణన తెలంగాణలో దాదాపు 8 కోట్ల కోళ్లను లెక్కపెట్టింది. వాటిలో ఎక్కువ ఫారాలవే. పెరటివాటిలో కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల బ్యూరో నమోదు చేసిన జాతి లక్షణాలకు సరిపోనివి ఏ జాతికీ చెందని వర్గంలోకి వెళ్తాయి. ఖని క్వార్టర్ల కోళ్లలో చాలావాటికి ఉండాల్సిన చోటు అదే. అలాంటి కోడికి బలవంతంగా జాతి పేరు తగిలించేకన్నా తురాయి రకం, చర్మం రంగు, కాళ్ల రంగు, బరువు, ఏడాదికి పెట్టే గుడ్లు, పొదుగుకు కూర్చునే అలవాటు రాసిపెట్టుకుంటే, రేపు పుంజును ఎంచుకునేటప్పుడు ఆ కాగితం పనికొస్తుంది.