తొలగిన లేఖ: ‘ద టెనెంట్ ఆఫ్ వైల్డ్‌ఫెల్ హాల్’ పాఠం, విమర్శ, అనుసరణ

ఆన్ బ్రాంటి రెండవ నవల ‘ద టెనెంట్ ఆఫ్ వైల్డ్‌ఫెల్ హాల్’ 1848లో వెలువడింది. తాగుబోతు భర్త ప్రభావం నుండి కొడుకును కాపాడుకోవడానికి ఇల్లు విడిచి, మారుపేరుతో, చిత్రాలు గీసి బతికిన హెలెన్ కథ ఇది. గిల్బర్ట్ రాసే సుదీర్ఘ లేఖలో హెలెన్ డైరీని ఇమిడ్చిన తీరు కృతకమన్నది ఈ నవలపై పాత ఆక్షేపణ. ఆన్ ప్రతిభను ఎంతగానో మెచ్చిన జార్జ్ మూర్ సైతం, హెలెన్ తన గాథను గిల్బర్ట్‌కు స్వయంగా చెప్పి ఉండవలసిందన్నాడు. ఈ ఆక్షేపణను తూచే ముందు నవల ఏ పాఠంగా ప్రచారంలో ఉండినదో చూడాలి.

ఆన్ 1849లో మరణించింది. మరుసటి ఏడాది ‘వదరింగ్ హైట్స్’, ‘ఆగ్నెస్ గ్రే’లను తిరిగి ప్రచురింపజేసిన షార్లట్, దీనిని మాత్రం పక్కన పెట్టింది, వస్తువు ఎంపికే పొరపాటని తన పరిచయంలో రాసింది. 1854లో థామస్ హాడ్జ్‌సన్ ప్రచురించిన చౌక ప్రతిలో, గిల్బర్ట్ తన మిత్రుడు హాల్‌ఫోర్డ్‌కు రాసిన ప్రారంభ లేఖ లేదు. తరువాతి ముద్రణలు అనేకం ఈ ఖండిత పాఠాన్నే అనుసరించాయి.

ఆ లేఖ చిన్నదే. హాల్‌ఫోర్డ్ లోగడ తన యౌవనకాలపు సంగతులు చెప్పుకున్నాడు. బదులుగా గిల్బర్ట్ ఏమీ చెప్పలేదని నొచ్చుకున్నాడు. ఇప్పుడు ఆ బాకీ తీర్చడానికి గిల్బర్ట్ పంపుతున్నది తన భార్య డైరీని. ఎవరికీ చెప్పవద్దని కోరి, అతని మర్యాదను నమ్మి హెలెన్ ఒకప్పుడు ఇచ్చిన డైరీ అది. మొదటి భర్త హంటింగ్‌డన్ అదే డైరీని లాక్కుని చదివి, ఆమె చిత్రలేఖన సామగ్రిని తగలబెట్టాడు. ఇద్దరినీ ఒకే గాటన కట్టలేం, గిల్బర్ట్‌ది ప్రేమే. అయినా ఆమె మాటపై అధికారం రెండుసార్లూ భర్తదే అయింది. వివాహిత సంపాదనను ఆమెకే చెందనిచ్చిన 1870 చట్టం నాటికి ఇంకా రాలేదు. కృతకమనిపించిన కథనచట్రంలో ఉన్నది ఈ చట్టస్థితే అని నా అభిప్రాయం. లేఖను తీసివేస్తే చట్రం మిగులుతుంది, దాని కారణం మిగలదు.

మైక్ బార్కర్ దర్శకత్వంలో 1996లో వచ్చిన బి.బి.సి. ధారావాహిక లేఖారూపాన్ని వదిలి, డైరీని గతదృశ్యాలుగా మలచింది. టారా ఫిట్జ్‌గెరాల్డ్ నటించిన హెలెన్ వేదన ప్రేక్షకునికి సూటిగా అందుతుంది, అది లాభమే. కాని ఆ వేదన ఎవరి చేతుల మీదుగా మనదాకా వచ్చిందన్న ప్రశ్న అక్కడ లేదు. అనుసరణను తప్పుపట్టడం సులువు. హాడ్జ్‌సన్ ప్రతి ఆ పనిని 142 ఏళ్ల ముందే ప్రారంభించింది.

క్లారెండన్ ప్రచురణ 1992లో తొలి ముద్రణ పాఠాన్ని పునరుద్ధరించినా, ఖండిత ప్రతులు నేటికీ చలామణిలో ఉన్నాయి. ప్రారంభ లేఖ లేకుండా 1827 శరత్కాలంతోనే మొదలయ్యే ప్రతిని తరగతికి పాఠ్యగ్రంథంగా నిర్ణయించకూడదు.