మూడు పద్యాల్లో మూడు కాలాల వంట

శ్రీకృష్ణదేవరాయల (పాలన 1509–1529) ‘ఆముక్తమాల్యద’ కావ్యం పేరు చెప్పగానే చాలామంది దాని కఠినమైన సమాసాలకు జంకుతారు. అలాంటివారు ప్రథమాశ్వాసంలోని మూడు భోజన పద్యాలతో మొదలుపెట్టాలి. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడనే భక్తుడు తన ఇంటికొచ్చిన వైష్ణవులకు ఏ కాలంలో ఏం వడ్డించేవాడో చెప్పే పద్యాలివి. కాలానికొక్క పద్యం, అందులోనే నిండు విస్తరి.

వానాకాలం పద్యంలో రాయల చూపు ముందు పొయ్యి మీద పడుతుంది. ముసురుకు తడిసిన కట్టెలు పొగ చిమ్ముతాయి కనుక ఎండిన కొబ్బరిచిప్పలే వంటచెరకు. వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు పొగిచిన కూరలు, పెరుగు, నెయ్యి ఉన్నాయి. వాటి పక్కన వరుగులు, వడియాలు. ఎండలున్నప్పుడే పెట్టి దాచుకుంటే తప్ప వానల్లో దొరకనివి అవి. ఆ ఇంటి ముందుచూపును పొగడకుండానే చూపించాడు కవి.

వేసవి విందు చందనం పూతతో మొదలవుతుంది. తర్వాత తియ్యని చారు, మజ్జిగపులుసు, పలుచని అంబలి, చెరకురసం, కొబ్బరినీళ్ళు, పళ్ళు, ఊరిన మామిడి పిందెలు, నీళ్ళమజ్జిగ. దాదాపు అన్నీ జారుగా గొంతు దిగేవే. అన్నం మాత్రం చల్లగా లేదు, నులివెచ్చగా ఉంది. ఎండాకాలమని అన్నీ చల్లబరచకుండా, ఎంత వేడి హితమో అంతే ఉంచడంలో వండేవారి నేర్పూ, రాసినవారి నేర్పూ కనిపిస్తాయి.

చలికాలంలో పునుగు తావి గుబాళించే అన్నం, మిరియాలపొడితో సుయ్యిమనే కూరలు. మిరపకాయ మన వంటల్లో ఇంకా స్థిరపడని రోజులవి. ముక్కుదిబ్బడ వదిలించే ఆవపచ్చళ్ళు, పాయసం, ఊరగాయలు, చెయ్యి చురుక్కుమనే నెయ్యి, కాగిన పాలు. ఇక్కడ వేడిని చెవికీ, ముక్కుకూ, చేతికీ తగిలించాడు కవి.

రాయలు ఎక్కడా పథ్యం బోధించడు, ‘ఈ కాలంలో ఇది తినండి’ అనడు. వానకు ఎండినవి, ఎండకు పలుచనివి, చలికి ఘాటైనవి ఏరి వడ్డిస్తాడంతే. కారణం తినేవారి ఒంటికే తెలుస్తుంది. ఋతువును పళ్ళెంలో ఇంత కచ్చితంగా పట్టుకున్న పద్యాలు తెలుగులో అరుదు. వీటిని ఇంట్లో అందరి ముందూ పైకి చదవండి, ఈ కాలానికి సరిపడే పద్యం చూసి ఒక పూట వండి పెట్టండి.