గెనిమ తొక్కని దూకుడు

మా మడకశిర చేన్లలో హద్దంటే గెనిమ. అడుగు దాని మీద పడితే పక్కోడి చేనికి వచ్చామని తెలుస్తుంది. ఎగిరి దూకేవాడికి అది ఉన్నా లేకున్నా ఒకటే. సీ భాషలో రాసే ప్రోగ్రాములూ ఇట్లాగే దూకుతాయి.

ప్రోగ్రాము నడిచేటప్పుడు మెమరీలో హీప్ పైకి పెరుగుతుంటే స్టాక్ కిందికి పెరుగుతుంది. స్టాక్ పోయి పక్కదాని మీద పడకుండా లైనక్స్ 2010లో 4 కేబీల కాపలా పేజీ పెట్టింది. దాన్ని తాకిన ప్రోగ్రాము అక్కడికక్కడే చస్తుంది. చావనీ, కానిచోట రాస్తూ బతకడం కంటే నయం.

అయితే ఒక ఫంక్షన్ 64 కేబీల అర్రే అడిగిందనుకోండి. ఒక్క తీసివేతతో స్టాక్ పాయింటర్ అంత దూరమూ జరిగిపోతుంది, నడుమ ఏ పేజీనీ తాకదు. ఆ తర్వాతి రాతలు హీప్‌లో పడొచ్చు. స్టాక్ ఇట్లా హీప్ మీద పడొచ్చని 2005 నుంచే తెలుసు. 2017 జూన్‌లో క్వాలిస్ సంస్థ దీనికి ‘స్టాక్ క్లాష్’ అని పేరు పెట్టి, లైనక్స్, ఓపెన్‌బీఎస్‌డీ, సోలారిస్‌లలో మామూలు యూజర్ రూట్ ఎట్లా అయిపోగలడో చేసి చూపించింది.

లైనక్స్ వెంటనే కాపలా ఎడాన్ని 1 ఎంబీకి పెంచింది. నాకది తాత్కాలికమే అనిపించింది. గెనిమ వెడల్పు చేస్తే ఇంకా దూరం దూకేవాడు రాడా?

సరైన మందు 2018లో జీసీసీ 8 కంపైలర్‌తో వచ్చింది. స్టాక్ క్లాష్ ప్రొటెక్షన్ ఫ్లాగ్ పెడితే పెద్ద జాగాను కంపైలర్ ఒకేసారి తీసుకోనివ్వదు. పేజీ పేజీగా దించుతూ ప్రతిదాన్నీ తాకిస్తుంది. ఆబ్జ్‌డంప్‌తో విప్పి చూస్తే ఆ తాకుడు ఎంత చిన్నదో! అక్కడున్న విలువను సున్నాతో ఆర్ చేస్తుంది. విలువ మారదు, కాపలా పేజీ మాత్రం పట్టేస్తుంది. ఫంక్షన్లలో ఎక్కువభాగం ఒక పేజీలోపే సరిపెట్టుకుంటాయి కనుక వాటికి అదనపు భారం దాదాపు లేదు. మరో కంపైలర్ ఎల్‌ఎల్‌వీఎమ్‌కు ఇది 2020లో వచ్చింది. విండోస్ కంపైలర్లు వేరే అవసరం కోసం ఏనాటినుంచో ఇదే పని చేస్తున్నాయి. మన లైనక్స్ వాళ్ళకే ఆలస్యమైంది.

సోర్సు లేకుండా వచ్చే పాత లైబ్రరీలకు, చేత్తో రాసిన అసెంబ్లీకి ఈ ఫ్లాగ్ అంటదు. అంటినచోట కూడా చొరబాటు ఆగుతుందే గానీ ప్రోగ్రాము చావు ఆగదు. అందుకే కోడ్ రివ్యూలో, అడిగినంత జాగాను స్టాక్‌లోనే తీసుకునే అలోకా కనబడితే, ఆ సైజు ఎక్కడినుంచి వస్తోందని మొదట అడుగుతాను. బయటివాడు పంపిన అంకె అయితే, హద్దు పరీక్ష పెట్టి, హీప్‌లో జాగా ఇచ్చే మాలాక్‌కు మార్చేదాకా సంతకం చేయను.